మాల తీసిన మర్నాడు

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులూ సిగరెట్టు, మందు ముట్టనివాళ్లు, మాల తీసిన వారానికే మళ్లీ పాన్‌డబ్బా దగ్గర కనిపించడం మనకు కొత్త కాదు. మనోబలం లేదని తీసిపారేయడం తేలిక. కానీ అన్ని రోజులు నిగ్రహించుకున్న మనిషిని అలా అనడం ఎలా కుదురుతుంది? దీక్షలో మనసుతో పాటు రోజంతా మారింది. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేలపడక, నల్లబట్టలు, తోటి స్వాముల సాంగత్యం. పాత అలవాటును తట్టిలేపే గుర్తులన్నీ పక్కకు తొలగాయి. మాల తీయగానే అవన్నీ తిరిగొచ్చాయి.

21 రోజుల్లోనే అలవాటు మారుతుందంటారు కదా, మరి 41 రోజులు ఎందుకు చాలలేదు? ఆ ప్రచారానికి మూలం 1960లో ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ రాసిన సొంత పరిశీలన. అది ప్రయోగం కాదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు, మధ్యస్థంగా 66. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదనీ తేలింది. ఇలా తప్పంతా రోజుల మీదికీ పరిసరాల మీదికీ నెట్టేస్తే వ్యక్తి బాధ్యత ఏమైనట్టు అని కొందరు అడుగుతారు. భోజనమయ్యాక సిగరెట్టు వేళకు నడకకు బయల్దేరడం, టీకొట్టు దారి మార్చుకోవడం ఆ మనిషి చేయాల్సిన పనులే కదా! నికోటిన్ పట్టు బలంగా ఉన్నవారికి డాక్టరు సాయమూ కావాలి, అందులో నామోషీ ఏముంది?