మా రాజ్యంలో ‘మా’ అంటే ఎవరు?

‘మా తండాలో మా రాజ్యం’ అని ఏళ్ల తరబడి గొంతు చించుకున్నాం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. పక్క ఊరి సర్పంచ్ గడప ముందు చేతులు కట్టుకొని నిలబడే బాధ తప్పింది. ఇక మనల్ని మనం అడగాల్సింది ఒకటుంది: ఆ ‘మా’లో ఎవరున్నారు?

సర్పంచ్ పదవుల్లో సగం ఆడవాళ్లవి. చాలాచోట్ల బోర్డు మీద ఆమె పేరు, కుర్చీలో ఆయన. సంతకం ఆమెది, మాట ఆయనది. ‘సర్పంచ్ సాబ్’ అని పిలిస్తే పలికేదీ ఆయనే. దీన్ని మేం సాయం అనం, పెత్తనం అంటాం. దొర చేస్తే దౌర్జన్యం, మనోడు చేస్తే మంచితనమా?

‘ఆమెకేం తెలుసు?’ అంటారు. కుర్చీ ఎక్కకముందు ఆయనకేం తెలుసు? కూర్చుంటేనే కదా తెలిసేది!

నాయక్, కార్‌భారి, పెద్దమనుషులు కూర్చొని తగువు తీర్చిన నసాబును మేమూ గౌరవిస్తాం. నలుగురూ ఒప్పుకొనేదాకా మాట్లాడుకోవడం అందులోని మంచి. ఆడవాళ్లను దూరంగా నిలబెట్టడం చెడు. మనం మంచిని వదిలేసి, చెడును పంచాయతీ ఆఫీసులోకి మోసుకొచ్చాం.

చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంది. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ ఉండాలంది. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయమంది. ఏదీ ఒక్కరి గుప్పిట్లో ఉండొద్దనే కదా! కాగితం మీద ఇద్దరిని రాసి, ఇంట్లో ఒక్కడి మాటే చెల్లిస్తున్నాం.

పానగల్ ఉదయసముద్రం కందూరు చోడుల కాలం నాటి చెరువు. ఏ చెరువుకైనా కట్ట ఎంత అవసరమో తూమూ అంతే అవసరం. తూము మూసి ‘నీళ్లన్నీ నావే’ అంటే కింద చేలు ఎండుతాయి. అధికారమూ పారితేనే పంట.

టీచర్లకు ఒక మాట. అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడానికే క్లాసు లీడరును పెడుతున్నామా? ఆ పిల్లవాడు నాయకత్వమంటే కనిపెట్టి కొట్టించడమే అనుకుంటాడు. నెలకొకరికి వంతు ఇవ్వండి. నోరు విప్పని ఆడపిల్లకు ముందు ఇవ్వండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వచ్చే గ్రామసభలో సర్పంచమ్మనే అడగండి. ఆయన జవాబు చెప్పబోతే, ‘అన్నా, మేం అడిగింది వదినను’ అనండి. ఆమె మాట పూర్తయ్యేదాకా కూర్చోండి. ‘మా రాజ్యం’ అక్కడ మొదలవుతుంది.