సంతానము లేని దంపతులు – వారి మనోవ్యథ

తెలుగుదేశమునుండి హౌరా చేరు రైళ్లు గమ్యమునకు కొద్దిగా ముందు టికియాపారా స్టేషనును దాటిపోవును. అచటినుండి హుగ్లీనది దాటినచో కలకత్తా నగరమే. సంతానము కలుగలేదని పెద్ద వైద్యుని చూడబోవు దంపతులకు అది దూరపు ప్రయాణము కాదు. కాని మందుచీటీల సంచిని కొంగుచాటున దాచి, బంధువుల యింటికి పోవుచున్నామని పొరుగువారికి చెప్పి బయలుదేరవలసి వచ్చినప్పుడు ఆ కొద్ది దూరమే మిక్కిలి భారమగును. ఆ భారమును తగ్గించుట వైద్యు డొక్కనివలన నగు పని కాదు. అది మనయందరి బాధ్యత.

ఈ దాపరికమునకు కలకత్తా నగర చరిత్రలోనే యొక సాక్ష్యము గలదు. 1978 అక్టోబరు 3వ తేదీన, డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలితముగా, శరీరము వెలుపల ఫలదీకరణము చెందిన అండమునుండి అచట నొక ఆడుబిడ్డ జన్మించెను. ఇంగ్లండులో లూయీ బ్రౌన్ జన్మించి అప్పటికి మూడు నెలలైనను నిండలేదు. ఈ బిడ్డను లోకము ‘దుర్గ’ యను పేర నెరిగెను. లోకనిందకు వెఱచి తలిదండ్రులు తమ పేరు వెల్లడి కానీయలేదు. ప్రభుత్వము నియమించిన సంఘము వైద్యుని మాట నమ్మలేదు. 1981లో ఆయన బలవన్మరణము పాలయ్యెను. 1997లో శాస్త్రవేత్త టి. సి. ఆనందకుమార్ ఆయన వ్రాతలను పరిశీలించి, ఈ గౌరవము ఆయనకే చెందవలెనని ప్రకటించెను. బిడ్డ పుట్టిన యింటివారినే నోరు విప్పనీయని నింద, బిడ్డ లేని యింటివారి నెంతగా కలచివేయునో ఊహింపవచ్చును.

మన యిండ్లలో ఈ నింద తొలుత స్త్రీమీదనే పడును. ‘గొడ్రాలు’ అను మాట యొకటి చాలును. సీమంతమునకు పిలువకపోవుట, పిలిచినను ముందు వరుసలో కూర్చుండనీయకపోవుట మనము చూచుచున్నదే. శాస్త్రము చెప్పునది వేరు. కారణము స్త్రీయందుండవచ్చును, పురుషునియందుండవచ్చును, ఉభయులయందుండవచ్చును. ఎంత వెదకినను కానరాకపోవచ్చును. జీవితకాలములో ప్రతి 6 గురిలో సుమారు ఒకరికి ఈ చిక్కు ఎదురగుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో తెలిపినది. ఇంత సాధారణమైన దానిని పాపఫలమని యెంచుట తగదు. భర్త వీర్యపరీక్ష సులభము, స్వల్పవ్యయముతో కూడినది. అయినను భార్య అనేక పరీక్షలు చేయించుకొన్న తరువాతగాని అతడు కదలని యిండ్లున్నవి. మగవానికి దుఃఖము లేదని కాదు. అది చెప్పుకొనుటకు అతనికి చోటు లేదు.

చికిత్స మరొక పరీక్ష. అండములు పెరుగుటకు స్త్రీ పలుదినములు ప్రతిదినము సూదిమందు పుచ్చుకొనవలెను. తరచుగా స్కానింగు చేయించుకొనవలెను. మత్తుమందు తీసికొని అండములను వెలికి తీయించుకొనవలెను. పిండమును గర్భాశయమున నుంచిన పిమ్మట ఫలితము తెలియుటకు సుమారు రెండు వారములు వేచియుండవలెను. ఆ దినములు గడచుట కష్టము. విఫలమైనచో చనిపోయిన బిడ్డకై యేడ్చినట్లు ఏడ్చుటకైనను లోకము సమ్మతింపదు.

అట్టివేళ ‘మనస్సు నిబ్బరముగ నుంచుకొనకపోతివి, అందుకే నిలువలేదు’ అని మందలించు పెద్దలు గలరు. వారి యుద్దేశము మంచిదే. మాట మాత్రము సరికాదు. 3,583 మంది స్త్రీలకు సంబంధించిన 14 పరిశోధనలను కలిపి చూచిన యొక సమీక్ష 2011లో వెలువడినది. చికిత్సకు ముందున్న మనోవ్యథవలన ఆ పర్యాయపు ఫలితము చెడినట్లు అందు కనబడలేదు. కావున ఏడ్చినందుకు ఆమెను నేరస్థురాలిని చేయరాదు. వ్యథకు ఓదార్పు కావలెను. అది ఫలితము కొరకు కాదు, ఆమె మనిషి యగుటచేత.

ఇక చేయదగిన దేమి? ఒక సంవత్సరము కాపురము చేసినను గర్భము నిలువనిచో, భార్యకు 35 ఏండ్లు దాటినచో ఆరు నెలలకే, దంపతులిద్దరును కలిసి వైద్యుని చూడవలెను. మొదటి దినముననే ఇద్దరికిని పరీక్షలు జరుగవలెను. ఎన్నిమార్లు చికిత్స చేయించుకొందుము, ఎంత సొమ్ము వెచ్చింతుము అనునది ముందుగనే నిర్ణయించుకొనుట మేలు. అప్పుడు ఆపుట ఓటమిగా తోచదు. విజయావకాశములను, దుష్ఫలితములను, ఖర్చును ముందుగా వివరించి సలహా చెప్పుట చికిత్సాలయముల విధియని 2021 నాటి చట్టము శాసించుచున్నది. దానిని అడుగుటకు సంకోచింపరాదు. దుఃఖము భరింపరానిదైనప్పుడు 14416 అను టెలి మానస్ నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాటాడువారు కూడ లభింతురు.

అత్తమామలకు, ఇరుగుపొరుగువారికి ఒక్క విన్నపము. ‘ఏమైన విశేషమా?’ అను ప్రశ్నను మానుడు. ప్రేమతో అడుగుచున్నామని మీ రందురు. కాని వినువారికి అది నెలనెలకు తగులు దెబ్బ. వారు చెప్పదలచిన దినమున వినుడు. బిడ్డ పుట్టినను, దత్తత తీసికొన్నను, ఇరువురే మిగిలినను అది పూర్ణమైన సంసారమే. ఆ మాట మన నోట వెలువడిన దినమున మందుచీటీల సంచిని కొంగుచాటున దాచుకొను అవసరము వారి కుండదు.