గడప లోపలి శ్రమకు మన్నన

2020వ సంవత్సరపు మహమ్మారి కాలమున సాఫ్ట్‌వేర్ సంస్థలు తమ ఉద్యోగులను ఇండ్లకు పంపి, కంటికి కానరాని వారి పనిని మెచ్చుకొనుట యెట్లని విచారింపసాగినవి. కానుకలు పంపుట, తెరమీద అందరి యెదుట పేరు చెప్పి అభినందించుట మొదలైన మర్యాదలు అప్పుడే వ్యాప్తికి వచ్చినవి. ఈ సమస్య లోకమునకు నూతనముగా తోచినను, నిజామాబాదు సీమకు నూతనము కాదు. ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ ప్రాంతపు గ్రామములందును, నిజామాబాదు పట్టణపు సందులయందును, కొన్ని తరములుగా వేలకొలది స్త్రీలు తమ ఇంటనే కూర్చుండి కంపెనీలకు బీడీలు చేయుచున్నారు. వారి పనిని మెచ్చుకొనుట యెట్లని మాత్రము ఎవ్వరును విచారించినట్లు కానరాదు.

తునికాకును నీట తడిపి, తడిగుడ్డలో చుట్టియుంచి, కొలతకు సరిగా కత్తెరతో కోసి, ఒడిలో చాట పెట్టుకొని, పొయ్యిమీది అన్నమును, ప్రక్కనున్న పసిబిడ్డను కనిపెట్టుకొనుచునే ఆకులో తంబాకు నింపి చుట్టి, కొన మడిచి, దారము కట్టి, కట్టలు పేర్చి, వేయింటికి ఇంతయని కూలి పుచ్చుకొను ఈ పని, ఇంటి పనులలో నెంతగా కలిసిపోయినదనగా, ఆ ఇంటివారికే అది ఉద్యోగముగా కనబడదు. మగవాడు గల్ఫ్ దేశమునకు పోయి, అక్కడినుండి తొలి డబ్బు వచ్చువరకు, కొన్నియెడల రాకయే పోయినప్పుడును, పిల్లల చదువును, తెచ్చిన అప్పుపై వడ్డీని మోసినది ఈ కూలియే. అయినను ఆ కుటుంబములలో ‘సంపాదించువాడు’ అనగా దూరదేశమున నున్నవాడేయని మన వాడుక.

కంటికి కనబడు పని సంగతి వేరు: బోధను ప్రక్కన శక్కర్‌నగరును చూడుడు. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన నిజాం చక్కెర కర్మాగారమున పనిచేసినవానికి హాజరుపట్టీలో పేరుండెను, కాపురమునకు క్వార్టరుండెను, పక్షమున మాటాడుటకు సంఘముండెను. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడగా శాసనసభ పలికినది, పత్రికలు పలికినవి. నేటికిని ఎన్నికల సభలలో దానిని తెరిపించు మాట వినబడుచునే యున్నది. అది న్యాయమే, చెరకు రైతులకును, కార్మికులకును కలిగిన నష్టము చిన్నది కాదు. కాని మరుసటి యేడు, 2016 ఏప్రిలులో, పొగాకు కట్టలపై ఎనుబదియైదు శాతము మేర హెచ్చరిక బొమ్మ వేయవలెనన్న నియమము రాగా, ఉత్పత్తిదారులు నిరసనగా బీడీ తయారీ నిలిపినప్పుడు, ఇండ్లలో చాటలు మూలకు చేరినవి. అక్కడ మూతపడిన గేటేదియు కంటికి కనబడలేదు గనుక, ఆ నష్టము మన స్మృతిలో నిలువలేదు.

బీడీ చేయు స్త్రీకిని కంపెనీకిని మాట కలియు సమయ మొక్కటే: సరుకు అప్పగించు వేళ. ఆ వేళ కంపెనీ తరఫు టేకేదారు గాని, కార్ఖానా గుమాస్తా గాని పలుకునది తప్పును గూర్చియే: ఇది వదులు, ఇది పొట్టి, ఇవి చెల్లవు. చెల్లినవానిని గూర్చి ఒక్క మాటయు నుండదు. విశేషమేమనగా, ఈ తప్పుపట్టు అధికారమే ఆమె హక్కులకు పునాది యైనది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టము, ముడిసరుకు పుచ్చుకొని ఇంట బీడీలు చేయువారిని స్పష్టముగా ఉద్యోగులలో చేర్చినది. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, నాసిరకపు బీడీలను త్రోసివేయు హక్కు యజమానికున్నది గనుక అతని అదుపు ఆ పనిపై నున్నట్లేయని గ్రహించి, ఇంట పనిచేయువారికిని భవిష్యనిధి వర్తించునని తీర్పు చెప్పినది. న్యాయస్థానము నింద నుండి హక్కును వెలికి తీసినది. మన సమాజము ఆ నింద నుండి ఒక మంచిమాటను సైతము తీయజాలకపోయినది.

నా యభిప్రాయమున, కంటికి కనబడని పనివానికి చూపవలసిన ప్రథమ మర్యాద పొగడ్త కాదు, లెక్క. ఒకే ఇంట అత్తయు కోడలును కూతురును చేసిన బీడీలు ఒక్కరి పుస్తకములో, ఒక్కరి పేరనే జమ యగుట ఈ వృత్తిలో సామాన్యము. తక్కినవారు ఏండ్ల తరబడి చేసిన పని ఎక్కడను నమోదు కాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వము ఆసరా పింఛను పథకము క్రింద బీడీ కార్మికులకు జీవనభృతి నారంభించి, మొదట వేయి రూపాయలును, 2019 నుండి 2,016 రూపాయలును ఇచ్చినప్పుడు, భవిష్యనిధి సభ్యత్వమే యర్హతకు ప్రమాణమయ్యెను. అంతకాలము పేరెక్కని చేతులకు ఆ నాడు కూడ సాక్ష్యము లేకపోయెను. 1976 నాటి సంక్షేమనిధి చట్టము వలన బీడీ కార్మికుల పిల్లలకు విద్యార్థివేతనములు వచ్చినవి. ప్రభుత్వము ఈ తల్లులకు తెలిపిన కృతజ్ఞతలలో నేనెన్నదగినది ఇదియే. కాని ఆ నిధికి ఆధారమైన సుంకము 2017లో జీఎస్టీతో రద్దయినది. ఇంట పనిచేయువారిని తక్కిన కార్మికులతో సమానముగా చూడవలెనని కోరిన 1996 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందమును మన దేశ మింకను ఆమోదింపలేదు.

బీడీ ఆరోగ్యమునకు హానికరమే. చేయువారి ఊపిరికిని ఆ తంబాకు ధూళి మేలుచేయదు. వారికి వేరు జీవనోపాధి చూపుట మన విధి. కాని సరుకు మంచిది కాదన్న నెపమున చేసినవారి శ్రమను గుర్తింపక పోవుట ధర్మము కాదు.

నిజామాబాదులో 2023లో ఐటీ టవరు తెరువబడినది. ఆ మేడలోని యొక సంస్థకు పనిచేయు యువతి ఇంటనుండి పంపిన పనికి ఆ సంస్థ తక్షణమే ఆమె పేర గుర్తింపు నమోదు చేయును. ఆమెను చదివించిన తల్లి బీడీలు చేసినదే కావచ్చును. ఆ తల్లికిని అంతమాత్రపు మర్యాద జరుగవలెను. అప్పగించిన ప్రతిసారియు తెలుగున నొక చీటీ, పనిచేసిన ప్రతి స్త్రీకి వేరువేరుగా, ఆమె పేరననే యీయవలెను. త్రోసివేసిన బీడీలను ఆమె యెదుటనే లెక్కించి, కారణము చెప్పవలెను. చీటీలో అంగీకరించిన బీడీల సంఖ్య మొదట వ్రాసి, త్రోసివేసినవి ఆ తరువాత వ్రాయవలెను.