వెనుక చక్రాలకు రక్షణ ఏదీ?

భీమవరం, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యలు మోసే పికప్ వ్యాన్లకు ఉప్పునీరే పెద్ద శత్రువు. చెరువుగట్ల మీద వెనుక చక్రం ఎగజిమ్మే బురద మడ్‌గార్డు లోపలి మడతల్లో పేరుకుంటుంది. ఉప్పు తగిలితే ఇనుప రేకు త్వరగా తుప్పు పడుతుంది. కంకర తగిలి రంగు లేచిన చోట ఇక చెప్పనక్కరలేదు. పలు బండ్లలో ముందు చక్రాలపైన లైనర్ అనే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. సరుకు బరువు మోసే వెనుక చక్రాలపైన మాత్రం ఒట్టి రేకే. ఇదేం లెక్కో!

వాయిదాలు తీరకముందే రేకు చిల్లులు పడితే నష్టం యజమానికే. కనుక వెనుక లైనర్లు కూడా బిగించే బండి అమ్మడం న్యాయం. అంతవరకు యజమానులు షెడ్డులో వేయించుకోక తప్పదు. అయితే పాత తుప్పు గీకించి, రంగు ఆరాకనే బిగించాలి. స్క్రూల కోసం పొడిచిన కొత్త చిల్లులకూ రంగు పూయాలి, లేకుంటే అక్కడే తుప్పు మొదలవుతుంది. అడుగున నీరు కారే దారి లేకపోతే తొడుగు వెనుక బురద నిలిచి, కంటికి కనపడకుండానే రేకును తినేస్తుంది. లోడు దించాక మంచినీళ్లతో కడగడం తొడుగున్నా మానరాదు. నిండు లోడుతో గతుకులో దిగినప్పుడు టైరు రాసుకోకుండా ఎడం ఉందో లేదో మేస్త్రీ చేత ముందే చూపించుకోవాలి.