సంతకం పెట్టే ముందు అడగాల్సింది

నిందితుడికి బెయిల్ వచ్చిందనగానే ‘టెక్నికల్ కారణాలతో బయటపడ్డాడు’ అనడం మనకు అలవాటైపోయింది. ఎందుకు పట్టుకున్నారో చెప్పకుండా మనిషిని లోపలేయడం టెక్నికల్ పొరపాటు ఎలా అవుతుంది? రాజ్యాంగంలోని 22(1) అధికరణం ఆ వివరం తెలుసుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది.

విహాన్ కుమార్ కేసే చూడండి. హర్యానా పోలీసులు ఆర్థిక మోసం కేసులో అరెస్టు చేసిన నిందితుణ్ని రోహ్‌తక్ ఆసుపత్రిలో సంకెళ్లతో మంచానికి కట్టేశారు. అరెస్టు సంగతి ఆయన భార్యకు చెప్పామని కోర్టులో వాదించారు. అరెస్టయ్యాడని ఇంట్లోవాళ్లకు చెప్పడం వేరు, ఎందుకో అతనికే చెప్పడం వేరు అంది సుప్రీంకోర్టు, 2025 ఫిబ్రవరిలో. చెప్పామని రుజువు చేసుకోవాల్సిన భారం పోలీసులదే. ఛార్జిషీటు వేసేసినంత మాత్రాన పాత తప్పు ఒప్పయిపోదు. బెయిల్‌కు కఠిన షరతులున్న చట్టాల కింద కేసు పెట్టినా, ఈ హక్కు ఉల్లంఘన తేలితే విడుదల చేయాల్సిందే.

ఆ ఏడాది ఆగస్టులోనే నటుడు దర్శన్ బెయిల్ రద్దు చేస్తూ అదే సుప్రీంకోర్టు స్వరం మార్చింది. కారణాలు రాసివ్వనంత మాత్రాన అరెస్టు చెల్లకుండా పోదట, దానివల్ల నష్టం జరిగిందని నిందితుడు చూపాలట. నాకు ఈ మెలిక మింగుడుపడలేదు. కారణమే తెలియనివాడు తొలి రిమాండ్‌ను ఏమని ఎదిరిస్తాడు? అంతకు మించిన నష్టం ఇంకేం చూపాలి?

నవంబరులో మిహిర్ షా తీర్పు కొంత ఊరటనిచ్చింది. నేరం ఏదైనా సరే, కారణాలు రాతలో, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అక్కడికక్కడ వీలుకాకపోతే నోటితో చెప్పి, రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం అందించాలి. లేదంటే అరెస్టూ రిమాండూ చెల్లవు. అలాగని కేసు కొట్టేసినట్టూ కాదు. కారణాలు రాసిచ్చి, అవసరమేమిటో వివరించి పోలీసులు మళ్లీ కస్టడీ కోరవచ్చు. నేరస్థులంతా తప్పించుకుపోతారన్న గగ్గోలు అందుకే అనవసరం.

ఇక మన దగ్గర వార్తల పుణ్యమా అని జనం నోళ్లలో నానిన 41ఏ నోటీసు, అంటే అరెస్టు చేయకుండా విచారణకు పిలిచే నోటీసు, ఇప్పుడు కొత్త నేర విచారణ చట్టంలో 35(3) అయింది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అవసరం చూపకుండా అరెస్టు చేయొద్దని అర్నేష్ కుమార్ తీర్పు 2014లోనే చెప్పింది. పాటించకపోతే నిందితుడు బెయిల్‌కు అర్హుడేనని 2022లో అంటిల్ తీర్పు తేల్చింది.

ఇన్ని తీర్పులూ నిలబడేది, పడిపోయేది మేజిస్ట్రేట్ బల్ల దగ్గరే. ఉట్నూరు వైపు గోండీ తప్ప మరో భాష రాని మనిషి చేత ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేయించి తెచ్చారనుకుందాం. కాగితం ఎన్ని గంటలకు ఇచ్చారు, ఎవరు చదివి వినిపించారు, ఏ భాషలో? ఈ మూడూ అడగడానికి రెండు నిమిషాలు చాలు. వాటి జవాబులు రిమాండ్ ఉత్తర్వులోనే రాస్తే, తర్వాత బెయిల్ వినే జడ్జి పోలీసు డైరీలో వెతుక్కోనక్కర్లేదు.