బూడిద రంగు విమానానికి పెట్రోలు పోసేదెవరు?

తుమామాలో కాపురం ఉన్నవాళ్ళకు విమానాల మోత కొత్త కాదు. పాత దోహా విమానాశ్రయం, 2014లో మొదలైన హమద్ విమానాశ్రయం రెండూ మనకు దగ్గరే. తోక మీద బొమ్మ చూసి ఇది ఫలానా కంపెనీది అని మన పిల్లలు ఇట్టే చెప్పేస్తారు. ఎప్పుడైనా బూడిద రంగులో, లావుపాటి పొట్టతో సి-17 లాంటి మిలటరీ విమానం వెళ్తే మాత్రం ప్రశ్నల వర్షమే. మన అసోసియేషన్ పిల్లలు అడిగిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇది: "అంకుల్, పరాయి దేశంలో దిగితే దానికి పెట్రోలు ఎవరు పోస్తారు?"

ముందుగా చిన్న సవరణ. జెట్ విమానాలకు పోసేది పెట్రోలు కాదు, కిరోసిన్ జాతి ఇంధనం. మన అమ్మమ్మల కాలం నాటి స్టవ్వులో పోసిన కిరోసిన్‌కు దగ్గరి చుట్టం అనుకోండి.

ఇక అసలు సంగతి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, మిలటరీ విమానానికి ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. 1944 నాటి షికాగో ఒప్పందం మూడో అధికరణం ప్రకారం సైన్యం, కస్టమ్స్, పోలీసు విమానాలు ప్రభుత్వ విమానాలు. వేరే దేశం మీదుగా ఎగరాలన్నా, అక్కడ దిగాలన్నా ఆ దేశం అనుమతి తప్పనిసరి. ఏ విమానం, ఏ దారిన, ఏ రోజు అన్నది ముందే చెప్పి అనుమతి తెచ్చుకోవాలి. ఎంత గొప్ప వాయుసేన అయినా ఈ కాగితం లేకుండా పొరుగు దేశంలో ఒక్క లీటరు నింపుకోలేదు.

అనుమతి వచ్చింది, విమానం దిగింది. తర్వాత? ఇక్కడే మా కంప్యూటర్ల వాళ్ళకు ఇష్టమైన విషయం ఉంది. ఏ కంపెనీ పెన్ డ్రైవ్ అయినా ఏ కంప్యూటర్‌కైనా ఎలా అతుకుతుందో, ఇంధనం గొట్టం చివరి బిగింపు కూడా అలాగే ఒక ప్రమాణం ప్రకారం ఉంటుంది. ప్రయాణికుల బోయింగ్‌కు బిగించే గొట్టమే సి-17కీ సరిపోతుంది. నేల మీద నిలిచిన విమానానికిచ్చే కరెంటు కూడా అంతే: 115 వోల్టులు, 400 హెర్ట్జ్. (మన ఇంట్లో ప్లగ్గులో వచ్చేది 50 హెర్ట్జ్.) ఇంధనమూ దాదాపు ఒకటే. పౌర విమానాల జెట్ ఎ-1లో మంచు కట్టకుండా, తుప్పు పట్టకుండా, స్థిర విద్యుత్తు పేరుకోకుండా కొన్ని మందులు కలిపితే సైన్యం వాడే జేపీ-8 అవుతుంది.

పని పద్ధతి కూడా చూడండి. చక్రాలకు అడ్డు కట్టలు పెడతారు. ఇంధనంలో నీరు ఉందేమో పరీక్షిస్తారు. గొట్టం బిగించే ముందు విమానానికీ ట్యాంకర్‌కూ మధ్య వైరు కలుపుతారు. ఇంధనం వేగంగా పారుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది, చిన్న నిప్పురవ్వ చాలు ముప్పు రావడానికి.

ఇవన్నీ పుస్తకాల్లో మాటలు కావు. 2025 జూన్ 14న బ్రిటన్ యుద్ధనౌక ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నుంచి లేచిన ఎఫ్-35బి యుద్ధ విమానం, వాతావరణం బాగోలేక నౌకకు తిరిగి వెళ్ళలేక, ఇంధనం తగ్గిపోతుంటే తిరువనంతపురం విమానాశ్రయంలో దిగింది. భారత వాయుసేన సాయం చేసింది. తీరా బయలుదేరబోతే హైడ్రాలిక్ లోపం బయటపడింది! బ్రిటన్ నుంచి ఇంజనీర్లు వచ్చి, ఎయిర్ ఇండియా హ్యాంగర్‌లో బాగుచేసుకుని జూలై 22న ఎగిరారు. అయిదు వారాలకు పైగా ఆతిథ్యం. కేరళ టూరిజం వాళ్ళు దాని మీద జోకులు కూడా వేశారు. ఇంకో తమాషా: జెట్ ఎ-1 ఇంధనానికి నాటో పెట్టిన కోడ్ పేరు కూడా ఎఫ్-35!

నవ్వుకోవడానికి వీల్లేని సందర్భాలూ ఉన్నాయి. 2021 ఆగస్టు 17న కాబూల్ నుంచి మన రాయబారితో సహా సుమారు 150 మందిని తెచ్చిన సి-17 ముందు జామ్‌నగర్‌లో ఆగి, ఆ తర్వాతే ఢిల్లీ పక్కనున్న హిండన్ చేరింది. కొద్ది రోజులకు 87 మందితో బయలుదేరిన సి-130జె ఇంధనం కోసం తజికిస్తాన్ రాజధాని దుషాంబేలో దిగింది. ఆ నెలలోనే కాబూల్ నుంచి మన దోహాకు చేరిన భారతీయుల్ని తొలి విడత 135 మందిని, తర్వాతి విడత 146 మందిని ఇంటికి పంపారు. అందులో ఒక్కో ప్రయాణం వెనకా ఏదో ఒక నేల మీద గొట్టం పట్టుకున్న మనుషులున్నారు.

ఆ మనుషులు లేకపోతే ఎలా ఉంటుందో 2023 ఏప్రిల్ 27 రాత్రి సూడాన్‌లో తెలిసింది. వాడి సెయిద్నా రన్‌వే మీద దీపాల్లేవు, దారి చూపే పరికరాల్లేవు, ఇంధనమూ లేదు. మన వాయుసేన పైలట్లు చీకట్లో చూసే కళ్ళద్దాలతో సి-130జెని దించి, ఇంజన్లు ఆపకుండానే 121 మందిని ఎక్కించుకుని జెడ్డా చేరారు. ఆ సాహసానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ప్రతిసారీ సాహసం మీదే ఆధారపడలేం కదా! జెడ్డాలో నేల సిద్ధంగా ఉంది కాబట్టే ఆ రాత్రి చీకట్లో ఎగరగలిగారు.

2025 జూన్ 23 రాత్రి ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేసినప్పుడు మనలో ఎందరో పాస్‌పోర్టులు వెతుక్కున్నారు. ఊరు కాని ఊళ్ళో ఉన్నవాళ్ళం. పాస్‌పోర్టుల గడువు చూసుకోవడం, ఎంబసీలో పేర్లు నమోదు చేసుకోవడం మన వంతు. విమానం రావడం ప్రభుత్వాల వంతు. ఈ రెండింటి మధ్య, ఆగస్టు ఎండలో కాలిపోయే కాంక్రీటు మీద పసుపు జాకెట్టు వేసుకుని నిలబడే మనిషి వంతు ఒకటుంది. పౌర విమానమా, మిలటరీ విమానమా అని చూడకుండా అతను గొట్టం బిగించి, వైరు కలిపి, బొటనవేలు పైకెత్తి పంపిస్తాడు. ఈసారి ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికితే, పిల్లలూ, రెక్క కింద అతను కనిపిస్తాడేమో చూడండి. కనిపిస్తే చెయ్యి ఊపండి.

పిల్లలకు లెక్క: సి-17లో సుమారు 1,34,000 లీటర్ల ఇంధనం పడుతుంది. నాన్నగారి కారు ట్యాంకు 60 లీటర్లదైతే, ఆ ఇంధనంతో ఎన్ని కార్లు నింపవచ్చు? జవాబు వచ్చే సంచికలో. అంతవరకు సెలవు!