చెవితో డ్రాయింగ్ గీయగలరా?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో ‘మీరు ఏ రకం విద్యార్థి?’ అంటూ రంగుల బొమ్మలతో వేసిన పేజీ ఈ పాఠకుడికి రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చదివి రాసుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని డిగ్రీ, బీటెక్ పిల్లలను నాలుగు గాట్లకు కట్టేసి, ఎవరి గాట దగ్గర వాళ్లు మేస్తే మార్కులు వాటంతటవే వస్తాయని ఆ వ్యాసం భరోసా ఇచ్చింది. చివర్లో ఓ ప్రశ్నావళి కూడా. మీ పత్రికలో వారఫలాలు వేస్తున్నందుకు ఈ పాఠకుడు ఏనాడూ ఉత్తరం రాయలేదు. వాటిని మీరు సైన్స్ పేజీలో వేయలేదు గనుక.

ఈ పాఠకుడు ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడు. అయినా దొంగలు పడింది ఈయన ఇంట్లోనే. మనవరాలు నిరుడు బీటెక్‌లో చేరింది. కాలేజీ పేరెందుకు గానీ, చేరిన మొదటి వారంలోనే ఎవరో వచ్చి పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి ఓ ప్రశ్నల కాగితం నింపించారట. దారి తెలియని స్నేహితుడికి మ్యాప్ గీసిస్తావా, నోటితో చెబుతావా అన్న తరహా ప్రశ్నలు. వారం తిరిగేసరికి పిల్ల చేతికి ‘ఆడిటరీ లెర్నర్’ అని రాసిన సర్టిఫికెట్ వచ్చింది, లామినేషన్‌తో సహా. ఆ లామినేషన్ ఖర్చు ఫీజు రసీదులో ఏ పద్దు కింద పోయిందో ఇప్పటికీ తేలలేదు.

దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల నోట్సు ముట్టుకుంటే ఒట్టు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఫోనులో పాఠాల రికార్డింగులు, కళ్లు మూసుకుని మంచం మీద. ఏమిటమ్మా ఇది అంటే, “నేను వింటేనే ఎక్కే టైపు తాతయ్యా, టెస్టులో తేలింది” అంది. ఫస్ట్ సెమిస్టర్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఉండిపోయింది. ఉండిపోక? శంకువును వాలుగా కోస్తే ఏ ఆకారం వస్తుందో చెవికి ఎవడు వినిపిస్తాడు? చెవిలో పువ్వు పెట్టడమంటే ఇదే. కాకపోతే ఈ పువ్వుకు సర్టిఫికెట్టు కూడా ఉంది.

ఫలితాలొచ్చిన సాయంత్రం ఈ పాఠకుడు వంటింట్లోంచి సాంబారు ముల్లంగి ఒకటి ఎత్తుకొచ్చి, కొస వైపు వాలుగా కోసి చూపించాడు. “అరె, ఎలిప్స్!” అంది పిల్ల. ముల్లంగి దాచేసి, పుస్తకం మూయించి, ఇప్పుడు గీయమంటే పది నిమిషాలు పెన్సిలు కొరికింది. రెండుసార్లు చెరిపింది, మూడోసారికి గీసింది. వారం ఆగి మళ్లీ అడిగితే చెరపకుండా గీసింది. వింటే తప్ప ఎక్కని పిల్లకు చూస్తే ఎలా ఎక్కిందో ఆ లామినేషన్ చేసినవాళ్లే చెప్పాలి. సాంబారు సంగతి వేరే పంచాయతీ, ఇంకా తెగలేదు.

మీ వ్యాసకర్త ‘పరిశోధనలు చెబుతున్నాయి’ అని మూడుచోట్ల రాశారు. ఏ పరిశోధనో ఒక్కచోటా రాయలేదు. ఆ నాలుగు గాట్ల లెక్కను ‘వార్క్’ పేరుతో 1992లో ముందుకు తెచ్చింది న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్. వాళ్లు కూడా దాన్ని విద్యార్థి తన చదువు తీరు గురించి ఆలోచనలో పడడానికి పనికొస్తుందనే చెప్పారు. జాతకచక్రంలా చేతికివ్వమనలేదు. 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం ఇలాంటి వర్గీకరణలు ఎన్నున్నాయో లెక్కపెడితే 71 తేలాయి. నాలుగు గాట్లు చాలవనుకునేవాళ్లకు ఎంపికకు కొదవలేదు.

అసలు పరీక్ష 2008లో జరిగింది. హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డానియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ అనే నలుగురు సైకాలజీ ఆచార్యులు ఒక సూటి ప్రశ్న వేశారు. ‘చూసే’ పిల్లలకు బొమ్మలతో చెప్పినప్పుడు, ‘వినే’ పిల్లలకు మాటలతో చెప్పినప్పుడు మార్కులు పెరగాలి, పాఠాలు తారుమారు చేస్తే తగ్గాలి. అలా తేల్చిన గట్టి ఆధారం ఎక్కడైనా ఉందా అని వెతికితే దాదాపుగా దొరకలేదు. ఆ తర్వాత అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో అనాటమీ విద్యార్థుల మీద చేసి 2018లో అచ్చయిన అధ్యయనంలోనూ అంతే. తమ ‘రకాన్ని’ బట్టి చదివినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ మార్కులేమీ తెచ్చుకోలేదు.

ఒకరికి బొమ్మలంటే ఇష్టం, ఒకరికి వినడం ఇష్టం. కాదని ఎవరన్నారు? ఇష్టం వేరు, ఎక్కడం వేరు. ఈ పాఠకుడికి జిలేబీ ఇష్టం. షుగర్ డాక్టరు ఆ ఇష్టాన్ని బట్టి మందు రాయలేదు.

ఇంతకీ ఏది పనిచేస్తుంది? 2006లో అచ్చయిన ఒక ప్రయోగంలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలిచ్చారు. ఒక జట్టు పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన జట్టుదే పైచేయి, 83 శాతానికి 71 శాతం. వారం తర్వాత అడిగితే తారుమారు. చదివిన జట్టుకు 40 శాతం గుర్తుంది, చూడకుండా రాసిన జట్టుకు 61. తమాషా ఏమిటంటే, వారం తర్వాత తమకే బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది నాలుగు విడతలూ చదివిన జట్టు! పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ గైడు మూడుసార్లు తిరగేసి ‘అయిపోయిందిరా’ అనుకునే ప్రతి హాస్టల్ గదిలోనూ ఉన్నది ఈ ధీమానే. పుస్తకమంతా పసుపు మార్కరు పూసేవాళ్ల గురించి 2013లో డన్లోస్కీ పరిశోధక బృందం ఇంకా నిర్దయగా తేల్చింది. గీతలు గీయడం వల్ల ఒరిగేది తక్కువ, తమను తాము ప్రశ్నించుకోవడం, రోజులు విడిచి మళ్లీ చూడడం వల్ల ఎక్కువ అని.

ఇలా చూడకుండా గుర్తు తెచ్చుకోవడానికి తెలుగులో పేరుంది. అప్పజెప్పడం. పద్యం అప్పజెప్పు, ఎక్కం అప్పజెప్పు అని బామ్మలు వెంటపడింది ఇందుకే. అష్టావధానం చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. అవధాని సమస్యకు ఒక పాదం, దత్తపదికి ఒక పాదం చెబుతూ వెళ్తుంటే మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అడ్డం పడుతుంటాడు. నాలుగు ఆవృత్తాలు అయ్యాక ఏ కాగితమూ చూడకుండా పద్యాలన్నీ ధారణ చేయాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసి చూపించిన విద్య అది. వాళ్లు విజువలా, ఆడిటరీయా అని ఏ పృచ్ఛకుడూ అడగలేదు. బట్టీ వేరు, ఇది వేరు అని కూడా మీ వ్యాసకర్తకు చెప్పాలి. ముల్లంగి చూడకుండా ఎలిప్స్ గీయడాన్ని ఎవరూ బట్టీ అనరు.

పనిలో పని, గళ్ళనుడికట్టు మాట కూడా. ఇదివరకు జవాబులు వచ్చే ఆదివారం వేసేవారు. ‘నిలువు 9’ కోసం ఈ పాఠకుడు గురువారం దాకా, కూరగాయలు తరుగుతూ కూడా, బుర్ర గోక్కున్న రోజులున్నాయి. అలా తట్టిన మాట ఒక్కటీ మరచిపోలేదు. ఇప్పుడు అదే పేజీలో అడుగున తలకిందులుగా వేస్తున్నారు. పత్రిక తిప్పడానికి ఎంతసేపు? తిప్పి చూసిన జవాబులు సోమవారానికి ఒక్కటీ గుర్తుండడం లేదు. ఆ నాలుగు విడతలూ చదివిన జట్టులో ఈ పాఠకుణ్ణి మీరే బలవంతాన చేర్చారు.

ఆ వ్యాసానికి సవరణ వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. మనవరాలి డ్రాయింగ్ సప్లిమెంటరీ వచ్చే నెల. గళ్ళనుడికట్టు జవాబులు మాత్రం ఈ ఆదివారం నుంచే ఆపండి.

- ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, తెనాలి